షెవ్రొలే సీ10 రాకర్ ప్యానెల్ ఊడదీసిన పద్ధతి: నా అనుభవం

1967–72 సీ10 పికప్‌లో తుప్పు ఎక్కువగా తినేది తలుపు కింది రాకర్ ప్యానెల్‌నీ, క్యాబిన్ వెనక మూలల్నీ. ఈ బండికి పెట్రోలు ట్యాంకు సీటు వెనకే ఉంటుంది. నిప్పురవ్వలు లేచే పని కాబట్టి ముందు దాన్ని దించి, బ్యాటరీ తీసేశాను.

తలుపు సందులు సరిచూసుకుని, తలుపు తీసి, ఆ ఖాళీలో అంగుళం చదరపు పైపుని అడ్డంగా, ఐమూలగా వెల్డ్ చేశాను. ఇది మానేస్తే రాకర్ కోయగానే క్యాబిన్ కుంగుతుంది, తర్వాత తలుపు పట్టదు.

రంగు గీకి 80 నంబరు ఎమరీతో రుద్దితే చుట్టూ రేకు మెరుస్తుంది, స్పాట్ వెల్డ్ (రెండు రేకుల్ని చుక్కలా అతికించిన చోటు) గుంట మాత్రం నల్లగా మిగులుతుంది. ప్రతి గుంట మధ్యలో సెంటర్ పంచ్ కొట్టి, 8 మి.మీ. స్పాట్ వెల్డ్ కట్టర్‌ని తక్కువ స్పీడులో, నూనె చుక్క వేస్తూ తిప్పాను. కోత అడుగున ఎర్రటి తుప్పు గీత కనబడిందంటే పై రేకు తెగినట్టే. అక్కడే ఆపాలి, లేకపోతే లోపలి మంచి రేకుకీ చిల్లు పడుతుంది.

రెండు రేకుల మధ్య పల్చటి ఉలి దూర్చినా రాకర్ కదలకపోతే ఎక్కడో ఒక వెల్డ్ మిగిలిందన్నమాట. బలంగా కొడితే అంచు వంగిపోతుంది, వెతకడమే మేలు. మిగిలిన బొడిపెల్ని గ్రైండర్‌కి తగిలించే ఫ్లాప్ డిస్క్‌తో సమం చేసి, జింక్ వెల్డ్‌త్రూ ప్రైమర్ (పైన వెల్డ్ చేయడానికి వీలైన ప్రైమర్) కొట్టాను.