మూత్రాశయంలో కనిపించిన గడ్డ కణితా, యురెటెరోసీలా: తేల్చుకోవడం ఎలా?

స్కానింగ్ రిపోర్టులో "మూత్రాశయంలో గడ్డ" అన్న మాట చూడగానే క్యాన్సరేనని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. అయితే మూత్రపిండం నుంచి మూత్రాన్ని తెచ్చే నాళం చివరి భాగం బుడగలా ఉబ్బి మూత్రాశయంలోకి చొచ్చుకొచ్చినా అదే మాట రావచ్చు. దీన్ని యురెటెరోసీల్ అంటారు. పుట్టుకతో వచ్చిన ఈ లోపం కొందరిలో పెద్దయ్యాక, వేరే కారణంతో స్కానింగ్ తీయించుకున్నప్పుడు మాత్రమే బయటపడుతుంది. బుడగలో రాళ్లు చేరినా, ఇన్ఫెక్షన్ వల్ల గోడ దళసరి అయినా అది నీటితిత్తిలా కాక కణితిలా కనిపిస్తుంది.

మొదట లక్షణాలన్నీ యూరాలజిస్టుకు దాచకుండా చెప్పాలి. పదేపదే వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్లు, నడుము పక్కన నొప్పి, రాళ్లు యురెటెరోసీల్ వైపు చూపుతాయి. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడుతుంటే, ముఖ్యంగా పొగతాగే అలవాటు ఉంటే, కణితి లేదని రుజువయ్యేదాకా అనుమానం వదలకూడదు. మూత్ర పరీక్ష, కల్చర్ (మూత్రంలోని సూక్ష్మక్రిములను పెంచి చూసే పరీక్ష), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఈ దశలోనే చేయిస్తారు.

రెండో మెట్టు అల్ట్రాసౌండ్‌ను మరింత ఓపికగా మళ్లీ చేయించుకోవడం. నా దృష్టిలో అసలు చిక్కుముడి చాలావరకు విడేది ఇక్కడే. మూత్రాశయం ఒక మోస్తరుగా నిండి ఉండాలి, ఎందుకంటే మరీ నిండితే ఆ ఒత్తిడికి బుడగ అణిగిపోయి కనిపించకపోవచ్చు. ఒక్క బొమ్మ తీసి వదిలేయకుండా కొన్ని నిమిషాలపాటు అదే చోట చూస్తూ ఉంటే, మూత్రం వచ్చినప్పుడల్లా యురెటెరోసీల్ ఉబ్బి, ఖాళీ అయినప్పుడు కుంచించుకుపోవడం కనబడుతుంది. కణితి అలా మారదు. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌లో కణితి లోపల రక్తప్రసరణ కనిపించవచ్చు, బుడగ లోపల ఉండేది మూత్రమే కనుక అక్కడ అది ఉండదు. అయితే డాప్లర్‌లో రక్తప్రసరణ కనిపించనంత మాత్రాన కణితి కాదని తేల్చేయకూడదు.

అప్పటికీ సందేహం తీరకపోతే సీటీ యూరోగ్రామ్, అంటే కాంట్రాస్ట్ మందు ఎక్కించి మూత్రం వచ్చే దారిని చూపే సీటీ స్కాన్, తీస్తారు. కాంట్రాస్ట్ మందు మూత్రంలోకి దిగాక ఆలస్యంగా తీసే చిత్రాలే ఇక్కడ కీలకం. వాటిలో నాళం చివర పడగ విప్పిన నాగుపాములా కనిపించి, దాని చుట్టూ సన్నని, నున్నని నల్లటి అంచు ఉంటే యురెటెరోసీల్ అని భావిస్తారు. ఆ అంచు మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటే నాళం ముఖద్వారం దగ్గర కణితి గానీ ఇరుక్కున్న రాయి గానీ ఉందేమోనని వెతకాలి.

చివరి మాట సిస్టోస్కోపీది, అంటే మూత్రమార్గం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి మూత్రాశయం లోపల నేరుగా చూసే పరీక్షది. నాళం ముఖద్వారం ఉండే చోటే మామూలు పొర కప్పిన నున్నని బుడగ ఉబ్బుతూ తగ్గుతూ, సూదిబెజ్జమంత రంధ్రంతో కనిపిస్తే రోగనిర్ధారణ ఖాయమవుతుంది. బుడగ మీద గానీ లోపల గానీ అనుమానాస్పదమైన పెరుగుదల కనిపిస్తే ముక్క తీసి బయాప్సీకి పంపాలి, ఎందుకంటే అరుదుగా ఈ రెండూ కలిసే ఉంటాయి. నిర్ధారణ అయ్యాక బాధలేవీ లేకుండా మూత్రపిండం వాపు కూడా లేకపోతే కనిపెట్టుకుని ఉండడమే చాలు. అడ్డంకి గానీ రాయి గానీ ఉంటే ఎండోస్కోపీ ద్వారా బుడగకు చిన్న గాటు పెట్టి మూత్రానికి దారి చేస్తారు.