కెర్నెల్ నెట్‌వర్కింగ్ ప్యాచ్ సమీక్ష – 4వ పాఠం: కాలం చెల్లిన పాయింటర్

ప్యాచ్ (కోడ్‌లో ప్రతిపాదించిన మార్పు) వివరణనూ, అది ఏ పాత మార్పులోని లోపాన్ని సరిదిద్దుతోందో చెప్పే ఫిక్సెస్ ట్యాగ్‌నూ ఎలా చదవాలో గత పాఠంలో చూశాం. ఇక కోడ్‌లోకి దిగుదాం. లినక్స్‌లో ప్రతి ప్యాకెట్‌నూ మోసేది ఎస్‌కే_బఫ్ అనే స్ట్రక్చర్. ప్యాకెట్ బైట్లన్నీ అందులో ఒకేచోట వరుసగా ఉంటాయన్న హామీ లేదు; కొన్ని మొదటి బఫర్‌లో ఉంటే, మిగిలినవి విడి పేజీల్లో ఉండవచ్చు. అందుకే హెడర్‌ను (ప్యాకెట్ మొదట్లో చిరునామాల వంటి వివరాలుండే భాగాన్ని) చదివే ముందు పీఎస్‌కేబీ_మే_పుల్ అనే ఫంక్షన్‌ను పిలిచి, కావలసినన్ని బైట్లు మొదటి బఫర్‌లోకి వచ్చాయో లేదో నిర్ధారించుకోవాలి.

ఒక ప్యాచ్‌ను ఊహించుకోండి. అది ముందుగా 20 బైట్లు పుల్ చేసి (అంటే ఆ ఫంక్షన్‌తో మొదటి బఫర్‌లోకి తెచ్చుకుని), ఐపీవీ4 హెడర్ ఉన్న మెమరీ చిరునామాను ఐపీహెచ్ అనే పాయింటర్‌లో ఉంచుకుంటుంది. ఆ హెడర్ పొడవు 20 నుంచి 60 బైట్ల దాకా ఉండవచ్చు కనుక, అసలు పొడవును అందులోంచే చదివి, దానికి యూడీపీ హెడర్ 8 బైట్లు కలిపి మళ్లీ పుల్ చేస్తుంది. ఇంతవరకూ సరిగానే ఉంది. తర్వాతి వరుసలో అదే ఐపీహెచ్ ద్వారా ప్యాకెట్ పంపినవారి ఐపీ చిరునామాను చదువుతుంది. తప్పు ఇక్కడే ఉంది. రెండో పుల్‌కు చోటు చాలకపోతే కెర్నెల్ కొత్త బఫర్‌ను కేటాయించి పాతదాన్ని వదిలేస్తుంది; ఐపీహెచ్ మాత్రం ఆ పాత మెమరీనే చూపిస్తూ ఉంటుంది. పుల్ తర్వాత, ఐపీ హెడర్ ఎక్కడుందో చెప్పే ఐపీ_హెచ్‌డీఆర్‌ను మరోసారి పిలిచి పాయింటర్‌ను తాజాపరచాలి.

ఈ లోపం పరీక్షల్లో సులభంగా బయటపడదు, ఎందుకంటే మామూలు ప్యాకెట్లలో హెడర్లు చాలావరకు మొదటి బఫర్‌లోనే ఉంటాయి, బఫర్ మారే అవసరమే రాదు. మెమరీ తప్పులను పట్టే కెర్నెల్ సాధనం కేఏశాన్ పెట్టి నడిపినా, బఫర్ మారే దారిని పరీక్ష తొక్కితేనే అది పట్టుకోగలదు. కాబట్టి ఇక్కడ సమీక్షకుడి కన్నే ప్రధానమని నా గట్టి అభిప్రాయం.

మారిన వరుసలను చూపే డిఫ్ మామూలుగా మార్పుకు పైనా కిందా 3 వరుసలే చూపిస్తుంది. అది చాలదు, మొత్తం ఫంక్షన్‌ను తెరవండి. పాయింటర్‌కు విలువ ఇచ్చిన చోటు నుంచి దాన్ని చివరిసారి వాడిన చోటు దాకా, మధ్యలో పిలిచిన ప్రతి ఫంక్షన్ లోపలికీ వెళ్లి చూడండి. ఎస్‌కేబీ_కౌ_హెడ్, ఎస్‌కేబీ_లీనియరైజ్ వంటివి కూడా బఫర్‌ను మార్చగలవు, పైగా అవి ఏదో సహాయక ఫంక్షన్‌లో దాగి ఉండవచ్చు.

లోపం కనబడితే “ఇది ప్రమాదకరం” అని వదిలేయకుండా, ఏ వరుసలో బఫర్ మారవచ్చో, ఏ వరుస పాత పాయింటర్‌ను వాడుతోందో రెండూ రాయండి. ప్యాచ్ పంపినవారు వెంటనే సరిదిద్దగలుగుతారు.

అభ్యాసం: పీఎస్‌కేబీ_మే_పుల్‌ను రెండుసార్లు పిలిచే ఫంక్షన్‌ను కెర్నెల్‌లో ఒకటి వెతికి, రెండో పిలుపు తర్వాత ఏయే పాయింటర్లను తిరిగి తీసుకున్నారో గుర్తించండి. వచ్చే పాఠంలో, ప్యాకెట్‌ను పారేసే దారుల్లో దాన్ని విడిచిపెట్టే బాధ్యత ఎవరిదో చూద్దాం.