కదిలే నేమ్ ట్యాగ్ జిఫ్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

పేరు కదులుతూ, మెరుస్తూ కనిపించే చిన్న జిఫ్ బొమ్మే కదిలే నేమ్ ట్యాగ్. దాన్ని గింప్ 2.10, ఫోటోషాప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్లలో చేసేవాళ్లకు ఉద్దేశించినవి ఈ పరిష్కారాలు. నేమ్ ట్యాగ్‌తో వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్‌వి కావు, జిఫ్ ఫార్మాట్‌వే. 1989లో ఖరారైన రూపమే ఇప్పటికీ నడుస్తోంది. మామూలుగా ఒక ఫ్రేమ్‌కు, అంటే యానిమేషన్‌లోని ఒక్కో బొమ్మకు, 256 రంగులకు మించవు. పిక్సెల్ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేదంటే అసలే కనపడదు. సగం పారదర్శకం అనేది లేదు. అందుకే ట్యాగ్ ఏ రంగు నేపథ్యం మీద కూర్చోబోతోందో, చివరి కొలత ఎంతో ముందే తేల్చుకోండి. 400×120 పిక్సెళ్లు చాలా పేర్లకు సరిపోతుంది.

ఎక్స్‌పోర్ట్ చేశాక బొమ్మ కదలదు

గింప్‌లో ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో "యాజ్ యానిమేషన్" టిక్ పెట్టలేదన్నమాట. ఆ టిక్ పెట్టే వీలే లేకపోతే ఫైల్లో ఒక్క లేయరే (పొర) మిగిలి ఉంది: మధ్యలో ఎప్పుడో ఫ్లాటెన్ చేసేశారు, అంటే లేయర్లన్నీ ఒకటిగా కలిపేశారు. అన్‌డూతో వెనక్కి వెళ్లాలి, లేదా లేయర్లను విడివిడిగా ఉంచే గింప్ సొంత ఫైలు ఎక్స్‌సీఎఫ్ తెరవాలి. ఫోటోషాప్‌లో టైమ్‌లైన్ ప్యానెల్‌లో ఫ్రేమ్ యానిమేషన్ సృష్టించి, దాని మెనూలో "మేక్ ఫ్రేమ్స్ ఫ్రమ్ లేయర్స్" నొక్కి, "సేవ్ ఫర్ వెబ్ (లెగసీ)" ద్వారా జిఫ్‌గా దాచండి. ఒకసారి ఆడి ఆగిపోతుంటే గింప్‌లో "లూప్ ఫరెవర్", ఫోటోషాప్‌లో లూపింగ్ దగ్గర "ఫరెవర్" ఎంచుకుంటే సరి.

పాత ఫ్రేము మిగిలిపోతోంది, లేదా రెండో ఫ్రేముకే నేపథ్యం మాయం

చూడ్డానికి రెండూ వేర్వేరు జబ్బులు, మూలం ఒకటే: ఒక ఫ్రేము అయ్యాక దాన్ని తుడవాలా, అలాగే ఉంచి పైన గీయాలా అన్న సెట్టింగు. గింప్ దీన్ని "ఫ్రేమ్ డిస్పోజల్" అంటుంది. "క్యుములేటివ్ లేయర్స్ (కంబైన్)" పెడితే కొత్త లేయరు పాతదాని మీద పడుతుంది. అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరే ట్యాగ్‌కు ఇదే కావాలి. పేరు రంగు మారుతూ, స్థానం జరుగుతూ ఉండే ట్యాగ్‌కు పెడితే మాత్రం పాత అంచులు వెనక తొంగిచూస్తాయి. దానికి "వన్ ఫ్రేమ్ పర్ లేయర్ (రీప్లేస్)" పెట్టాలి.

రీప్లేస్ పెట్టగానే నేపథ్యం పోయిందా? అది అట్టడుగు లేయరులో విడిగా ఉండటమే కారణం. గింప్‌కు అది మొదటి ఫ్రేము మాత్రమే. నేపథ్యాన్ని ఎన్ని ఫ్రేములుంటే అన్ని నకళ్లు తీసి, ఒక్కొక్కటీ ఒక్కో పేరు లేయరు కిందకు జరిపి, పేరు లేయరు మీద "మర్జ్ డౌన్" చేయండి. మొదట్లో మిగిలిన ఖాళీ నేపథ్యాన్ని తీసేయండి, లేకపోతే ప్రతి చుట్టులో ఒకసారి పేరు మిణుకుమంటుంది. ఫోటోషాప్‌లో ఇంత శ్రమ లేదు: నేపథ్యం లేయరు ఎంచుకుని "మ్యాచ్ లేయర్ అక్రాస్ ఫ్రేమ్స్" ఇస్తే అన్ని ఫ్రేముల్లోకీ వస్తుంది.

అక్షరాల చుట్టూ తెల్లటి అంచు

అక్షరం నునుపుగా కనపడాలని అంచున సగం పారదర్శకమైన పిక్సెళ్లు ఉంటాయి. జిఫ్‌లో వాటికి చోటు లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటికి ఏదో ఒక రంగు అంటగడుతుంది. ఆ రంగు చివరి నేపథ్యంతో కలవకపోతే అంచు బయటపడుతుంది. ఫోటోషాప్‌లో సేవ్ ఫర్ వెబ్‌లోని "మ్యాట్" దగ్గర ట్యాగ్ పెట్టబోయే పేజీ రంగే ఇవ్వండి. గింప్‌లో అదే రంగును బ్యాక్‌గ్రౌండ్ కలర్‌గా పెట్టుకుని ప్రతి లేయరుకూ "సెమీ-ఫ్లాటెన్" వాడండి. పేజీ రంగు తెలియకపోతే లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కింద "థ్రెషోల్డ్ ఆల్ఫా" ఉంది. అంచు కాస్త గరుకుగా వస్తుంది కానీ తెల్లగీత ఉండదు. మెత్తటి డ్రాప్ షాడో మాత్రం పారదర్శక జిఫ్‌లో ఎన్ని పాట్లు పడ్డా కుదరదు. నీడ తప్పనిసరైతే నేపథ్యం నింపేయండి.

తెలుగు పేరు ముక్కలవుతోంది

ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి పక్కన నిలబడితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో "వరల్డ్-రెడీ" కంపోజర్ ఎంచుకోండి. అప్పటికీ సరికాకపోతే ఫాంటు చూడండి: యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటు అయి ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లకు మారండి. గింప్‌లో ఈ గొడవ సాధారణంగా రాదు.

అసలు చిక్కు టైపింగ్ ఎఫెక్ట్‌లో. "లక్ష్మి"ని ఒక్కో కీ నొక్కినట్టు ఫ్రేములుగా చేస్తే మధ్యలో "లక్", "లక్ష" అని పేరుతో సంబంధం లేని రూపాలు కనిపిస్తాయి. ఇంగ్లిష్ పేరుకు చేసినట్టు చేయకూడదు. ఇక్కడ ల, క్ష్మి రెండే మెట్లు. పేరు మొత్తం ఒకేసారి రాసి, ఆ లేయరు నకళ్లు తీసి, ఒక్కో నకలులో కుడివైపు ఇంకా రాకూడని అక్షరాలను చెరిపేయండి. దీనితో అక్షరాలు జరగకుండా ఒకే చోట ఉంటాయి. వత్తు పక్క అక్షరం కిందకు సాగే ఫాంటు అయితే చదరపు సెలెక్షన్ దాన్ని కోసేస్తుంది, "ఫ్రీ సెలెక్ట్"తో చుట్టూ గీయండి.

కింది వత్తు, పై గుడి తెగిపోతున్నాయంటే అక్షరం టెక్స్ట్ లేయరు హద్దు దాటిందని. "పాత్ ఫ్రమ్ టెక్స్ట్" చేసి, బొమ్మంత పెద్ద కొత్త పారదర్శక లేయరులో ఆ పాత్‌ను నింపితే తెగదు.

వేగం అనుకున్నట్టు లేదు

జిఫ్ సమయాన్ని సెకనులో వందో వంతుల్లో దాస్తుంది, అంటే 10 మిల్లీసెకన్ల మెట్లు. 20 కంటే తక్కువ ఇస్తే వేగం పెరక్కపోగా చాలా బ్రౌజర్లు దాన్ని 100 చేసేస్తాయి. మెరుపుకు 100 నుంచి 150, పూర్తి పేరు నిలిచే చివరి ఫ్రేముకు 1500 ఇవ్వండి. చదివేలోపే పోయే ట్యాగ్ ఎందుకు? గింప్‌లో ఈ అంకెను లేయరు పేరు చివర బ్రాకెట్లలో రాయాలి, బ్రాకెట్ లోపలే దాన్ని ఆనుకుని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఎమ్, ఎస్: (100ms) లాగా. తెలుగు లిపిలో రాస్తే గింప్ పట్టించుకోదు. ఎక్స్‌పోర్ట్‌లో "యూజ్ డిలే ఎంటర్డ్ అబవ్ ఫర్ ఆల్ ఫ్రేమ్స్" టిక్ ఉన్నా మీ అంకెలు వృథా.

గ్లిటర్ పెడితే ఫైలు బరువెక్కింది, రంగులు గింజగింజలుగా ఉన్నాయి

జిఫ్ కుదింపు ఒకే వరస మళ్లీ మళ్లీ వచ్చినప్పుడే పనిచేస్తుంది. గ్లిటర్‌లో ప్రతి పిక్సెల్ వేరే. మూడు ఫ్రేములు చాలు, కంటికి తేడా తెలియదు. మెరుపును అక్షరాల లోపలికే పరిమితం చేసి నేపథ్యాన్ని ఒకే రంగులో ఉంచండి. ఇమేజ్, మోడ్, ఇండెక్స్‌డ్‌లో (పరిమిత రంగుల పట్టిక వాడే మోడ్) రంగులు 64కు, వీలైతే 32కు దించండి. గ్రేడియంట్ ఉంటే డిథరింగ్‌లో (ఉన్న కొద్ది రంగుల చుక్కలతో మధ్య రంగులు ఉన్నట్టు చూపడం) "పొజిషన్డ్" ఎంచుకోండి, ఎందుకంటే ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ అనే ఇంకో పద్ధతిలో చుక్కలు ఫ్రేము ఫ్రేముకూ చోటు మారి నేపథ్యం పాకుతున్నట్టుంటుంది. ఆఖరున ఫిల్టర్స్, యానిమేషన్‌లో "ఆప్టిమైజ్ (ఫర్ జిఫ్)" నడపండి. అది కొత్త బొమ్మగా తెరుచుకుంటుంది. అందులో ఫ్రేములు మారిన భాగాల ముక్కలుగా ఉంటాయి, కాబట్టి పేరు మార్చాల్సి వస్తే పాత ఎక్స్‌సీఎఫ్‌లోనే మార్చండి.

తయారైన జిఫ్‌ను చిన్నది చేస్తే అంచులు రంపంలా వస్తాయి. ఇండెక్స్‌డ్ మోడ్‌లో గింప్ మధ్య రంగులు కలపలేదు. ముందు మామూలు రంగుల మోడ్ ఆర్‌జీబీకి మార్చి స్కేల్ చేసి, మళ్లీ ఇండెక్స్‌డ్‌కు తెచ్చుకోవాలి.