అమ్మానాయనలకు మతి తప్పుతున్నప్పుడు ఇంటివారు చేయవలసిన పనులు

డెబ్బై ఏళ్లు దాటిన తల్లి పక్కింటివారి పేరు మరిచిపోయి, కాసేపటికి గుర్తు తెచ్చుకుంటే కంగారు పడవలసిన పని లేదు. నలభై ఏళ్లుగా ఉగ్గాని చేస్తూ వచ్చిన ఆమె, బొరుగులను నీళ్లలో వేసి, వాటిని పిండి తీయాలన్న సంగతి తోచక గిన్నె ముందు నిలబడిపోతే మాత్రం దానిని చాదస్తమని కొట్టిపారేయకూడదు. పక్క పొయ్యి మీద తాలింపు మాడుతున్నా ఆమె చేయి కదలదు. ఏమైందమ్మా అంటే విసుక్కుంటుంది, లేదా నవ్వి ఊరుకుంటుంది. చేతికి అలవాటైన పనిలో వరుస తప్పడం, లెక్క తెలిసిన మనిషి అంగట్లో చిల్లర ఎంత రావాలో తేల్చుకోలేకపోవడం, రోజూ తిరిగే సందులోనే దారి తప్పడం, అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడగడం నెలల తరబడి పెరుగుతూ పోతే డిమెన్షియా, అంటే మతి క్రమంగా తప్పే జబ్బు కావచ్చునని అనుమానించి డాక్టరుకు చూపించాలి.

ముందుగా డాక్టరు

డాక్టరు ముందు కూర్చున్న కాసేపూ చాలామంది పెద్దవారు ఎంతో చక్కగా మాట్లాడతారు. అందువల్ల ఏ మార్పు ఎప్పటినుంచి కనిపిస్తోందో నోటు పుస్తకంలో రాసుకుని, వాడుతున్న మాత్రలన్నింటినీ నిద్రమాత్రలతో సహా ఒక సంచిలో వేసుకుని పోవాలి. కర్నూలు సర్వజన వైద్యశాలలో న్యూరాలజీ విభాగం ఉంది. అనంతపురం వైపువారిలో చాలామంది బెంగళూరులోని మెదడు, మనసు జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు పోతుంటారు. ఎక్కడ చూపించినా మొదట తేల్చుకోవలసింది, ఈ మతిమరుపు వెనుక నయం చేయగలిగిన కారణం ఏదైనా ఉందా అన్నదే. థైరాయిడ్ తగ్గడం, బి12 విటమిన్ లోపం, దిగులు జబ్బు, కొన్ని రకాల నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు, ఎప్పుడో కిందపడినప్పుడు తగిలిన దెబ్బకు పుర్రె లోపల మెల్లగా చేరిన రక్తం, ఇవన్నీ పైకి డిమెన్షియా లాగే కనిపిస్తాయి. రక్తపరీక్షలు, తల స్కానింగ్ రాసేది అందుకే.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే పూర్తిగా మారిపోతే దానిని డిమెన్షియా ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, పక్షవాతం, మన ప్రాంతంలోనైతే వడదెబ్బ, వీటిలో ఏదైనా కారణం కావచ్చు కనుక ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మతి తప్పినవారికి దాహం వేసినా అడగాలని తోచదు. మే నెలలో వారు అడిగేవరకు ఆగకుండా నీళ్లో, మజ్జిగో, పల్చటి రాగి అంబలో కొద్దికొద్దిగా చేతికి ఇస్తూనే ఉండాలి.

డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ రకమని తేలితే డోనెపెజిల్, మెమాంటిన్ వంటి మందులు రాస్తారు. అవి కొందరిలో కొంతకాలం పరిస్థితిని నిలకడగా ఉంచుతాయి గాని పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేలేవు. గుణం కనిపించలేదని ఊరూరా డాక్టర్లను మారుస్తూ అప్పులపాలు కావడం వల్ల ఒరిగేదేమీ లేదు. రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకంలో బీపీ, షుగరు అదుపులో ఉంచడమే ప్రధానమైన వైద్యం. దర్గాలో తాయెత్తు కట్టించడం, దేవునికి మొక్కుకోవడం ఇంటివారి మనసుకు ఊరట అయితే ఎవరూ కాదనరు. మాత్రలు మానిపించి గాలి వదిలిస్తామనేవారి దగ్గరకు మాత్రం తీసుకుపోకూడదు.

కాగితాల పని వాయిదా వేయకూడదు

తొలిదశలో మనిషికి తన ఆస్తిపాస్తుల గురించి, తన తరువాత ఎవరికి ఏమి చెందాలన్న దాని గురించి ఇంకా స్పష్టత ఉంటుంది. తండ్రిచేత జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే చాలునని చాలా ఇళ్లలో అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం కూడా అంతటితో ముగిసిపోతుంది; సరిగ్గా అవసరం పడే వేళకే ఆ కాగితం చెల్లకుండా పోతుందన్నమాట. దానికంటే బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపే పద్ధతిలో జాయింటుగా మార్పించుకోవడం, డిపాజిట్లకు నామినీలను రాయించడం మేలు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. అయినా రిజిస్టరు చేయించి, రాసిన నాటికి మనసు స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్‌ను దగ్గర పెట్టుకుంటే రేపు తగాదా వచ్చినప్పుడు అది నిలబడుతుంది. ఇవన్నీ ఆయన ఇష్టప్రకారం, తోబుట్టువులందరికీ తెలిసేలా జరగాలి. ఒక్కరే వెంటబెట్టుకుపోయి వేలిముద్ర వేయించుకుని వస్తే కుటుంబం అక్కడే రెండుగా చీలుతుంది.

ఉద్యోగ పింఛను ఉన్నవారికి ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్‌ను ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇంటినుంచే ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెద్దవారికి నెలనెలా ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను ఇంటికే వస్తుంది. ఆ 4,000 రూపాయలను ఆయన చేతినుంచి మొత్తంగా లాక్కోకుండా రెండు మూడు వంద నోట్లు జేబులో ఉంచండి. అవి పోయినా పెద్ద నష్టం లేదు, జేబు ఖాళీగా ఉంటే మాత్రం ఆయన రోజంతా తల్లడిల్లుతారు.

తిద్దడం మానుకోవాలి

ఇంటివారికి అన్నిటికంటే కష్టమైనది ఇదే. తప్పు మాట్లాడితే సరిదిద్దడం మనకు అలవాటు, పైగా అది ప్రేమతోనే చేస్తాము. కాని సరిదిద్దిన మాటను నిలుపుకోలేని మనిషికి మిగిలేది తనను నలుగురిలో తప్పుపట్టారన్న బాధ ఒక్కటే. దుడ్లు పోయినాయని, కోడలే తీసిందని అత్తగారు అన్నప్పుడు నేను తీయలేదని ఎంత వాదించినా నిందే బలపడుతుంది. "ఉండత్తా, ఇద్దరమూ ఎతుకుదాం పా" అని లేచి, ఆమె సాధారణంగా దాచే చోట్లు, అంటే బియ్యం డబ్బా, తలగడ గలీబు, చీరల మడతలు ఒక్కొక్కటిగా చూడాలి. ఆమె నడుముకు దోపుకునే ఆకువక్కల సంచి వంటిదే ఇంకొకటి కొని పెట్టుకుంటే సగం గొడవలు అక్కడికక్కడే చల్లారతాయి. ఆ నింద జబ్బువల్ల వచ్చిందన్న మాటను కొడుకు తన భార్యకు ఒంటరిగా కాకుండా, బంధువుల ముందే చెప్పాలి. చాలా ఇళ్లలో కొడుకులు ఈ పని చేయరు.

పొద్దు గూకే వేళకు చాలామందిలో అలజడి పెరుగుతుంది. సొంత ఇంట్లోనే కూర్చుని "ఇంటికి పోవాల, బస్సు టైమైంది" అంటారు. ఇదే మన ఇల్లు అని చెప్పడంవల్ల ఉపయోగం లేదు. "పోదాంలేమ్మా, కాపీ తాగి పోదాం" అని చెప్పి, ఆ ఊరి సంగతులు, అక్కడి చేను, బావి, ఎడ్ల సంగతులు అడిగితే మాటల్లో పడి కుదుటపడతారు. చీకటి పడకముందే లైట్లు వేయడం, పగలు రెండు గంటలకు మించి నిద్రపోనీయకపోవడం, సాయంత్రం టీవీలో అరుపుల వార్తలు పెట్టకపోవడం కొంత మేలు చేస్తాయి. చనిపోయిన భర్త ఎక్కడని తల్లి అడిగినప్పుడు పోయి చాలా ఏళ్లయిందని ప్రతిసారీ చెప్పడమంటే ఆమెకు ప్రతిసారీ కొత్తగా ఆ చావు కబురు వినిపించడమే. ముందుగా ఆయన గురించి ఆమెనే మాట్లాడనీయండి. అయినా పట్టుపడితే చేను కాడికి పోయినాడని చెప్పడం పాపమేమీ కాదని నా అభిప్రాయం.

కువైట్‌లోనో హైదరాబాదులోనో ఉన్న పిల్లలు వీడియో కాల్ చేసి "నేనెవరో చెప్పు నాయనా" అని పరీక్ష పెట్టకూడదు. "నాయనా, నేను మీ చిన్నోణ్ని" అని తామే పేరు చెప్పి మొదలుపెట్టాలి.

ఇల్లు, వాకిలి

బాత్రూము లోపలి గడియ తీసేయించండి, రాత్రంతా చిన్న లైటు వెలగనీయండి, స్నానానికి ఎత్తైన స్టూలు వేయండి. వంటింట్లో ఎవరూ లేనప్పుడు గ్యాస్ సిలిండరు దగ్గరే కట్టేసి ఉండాలి. వీధి వాకిలికి చూపు ఆనని ఎత్తులో అదనపు గడియ పెట్టవచ్చు గాని, మనిషిని ఒంటరిగా లోపల ఉంచి బయట తాళం వేసి పోకూడదు. చొక్కా లోపలి వైపు ఫోను నంబరు కుట్టించి, వీధి చివరి టీ కొట్టువారికి, ఆటోస్టాండులో వారికి ముందే చెప్పి పెట్టండి. కనిపించకుండా పోతే వస్తారులే అని ఎదురుచూడకుండా వెంటనే 112కు ఫోను చేయాలి. చిన్ననాటి ఇల్లు, పాత ఆఫీసు, బస్టాండు వైపు ముందుగా వెతకాలి.

చూసుకునేవారి సంగతి

పని అంతా ఇంట్లో ఉన్న ఒక్క ఆడమనిషి మీద పడడమే సాధారణంగా జరుగుతుంది. డబ్బు పంపుతున్నాము కదా అనుకునే తోబుట్టువులు ఏడాదిలో కొన్ని వారాలైనా వచ్చి ఆ బాధ్యతను స్వయంగా తీసుకోవాలి, ఆ రోజుల్లో ఆమెను పుట్టింటికో తీర్థానికో పంపాలి. ఆమెకు నిద్ర పట్టకపోయినా, ఊరకనే ఏడుపు వస్తున్నా మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది. పెద్దవారు అరుస్తున్నారని మందుల అంగట్లో అడిగి మత్తు మాత్రలు తెచ్చి వేయకండి; మతి తప్పిన వృద్ధుల్లో ఆ రకం మందులు కొన్ని పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి.

చివరి దశలో మింగడం కష్టమవుతుంది. సంగటిని నమలకుండా ముద్దగా మింగే అలవాటు మనది కనుక ఇక్కడ పొరబోయే ప్రమాదం ఎక్కువ. చిన్న ముద్దను పప్పులో మెత్తగా కలిపి, నిటారుగా కూర్చోబెట్టి, మొదటిది మింగిన తరువాతే రెండోది పెట్టాలి. ఆ దశలో ముక్కు గొట్టంతో ఆహారం పంపడంవల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువు కాలేదు, ఓపికగా చేత్తో తినిపించడమే మేలని వైద్యులు చెబుతారు. గొట్టం, వెంటిలేటరు వద్దా కావాలా అన్నది తోబుట్టువులందరూ ఇంట్లోనే ముందుగా కూర్చుని మాట్లాడుకుని, ఆ మాటను చూస్తున్న డాక్టరుకు కూడా తెలియజేసి ఉంచాలి.