వాన వస్తే పొయ్యి లోపలికొస్తుంది: అంగన్‌వాడీలు, ప్లేస్కూళ్లు, క్రెష్‌లకు జాగ్రత్తలు

భోజనాల వేళ పసివాళ్లు వేడి గిన్నెలో పడ్డారన్న వార్త మన పత్రికల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. 2019 నవంబరులో అప్పటి కర్నూలు జిల్లా పాణ్యంలో యూకేజీ చదివే బాబు, బళ్లోనే, సాంబారు గిన్నెలో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇలాంటి వార్తల్లో ఊరు మారుతుంది. గిన్నెలో ఉన్నది సాంబారో పప్పో గంజో అవుతుంది. మిగతాదంతా దాదాపు ఒకే తీరు: గిన్నె నేల మీద ఉంది, పిల్లలు దాని చుట్టూ నిలబడి ఉన్నారు.

జూన్‌లో కేంద్రాలు మళ్లీ తెరుచుకుంటాయి. చేతులు కడిగించడం, నీళ్లు కాచి చల్లార్చడం, దోమలు రాకుండా చూసుకోవడం మీకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒక్కటే. వేడి గిన్నె నేల మీద దించకండి. ఒక్క నిమిషానికైనా సరే, పిల్లలు పక్క గదిలో ఉన్నా సరే, దించకండి.

వానాకాలంలోనే ఎందుకు భయం

ఎండాకాలంలో చాలాచోట్ల వంట వసారాలోనో చెట్టు కిందో జరుగుతుంది. పిల్లలకూ పొయ్యికీ మధ్య ఎంతో కొంత దూరం ఉంటుంది. వాన మొదలవగానే పొయ్యి లోపలికొస్తుంది. ఆడుకోవడానికి బయటికి పోలేక పిల్లలూ లోపలే ఉంటారు. ఒకే గది, ఒకే తలుపు, తడి నేల. పైగా జూన్‌లో వచ్చే మూడేళ్ల పిల్లలు ఇంట్లోంచి మొదటిసారి బయటికొచ్చినవాళ్లు. ఏది ఎక్కడుందో తెలియదు, పిలిస్తే ఆగరు, అమ్మ కనబడితే తలుపు వైపు పరుగెత్తుతారు. ఆ దారిలో గిన్నె ఉంటే అంతే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. వానల్లో మసిగుడ్డ ఆరదు. తడి మసిగుడ్డతో వేడి గిన్నె పట్టుకుంటే వేడి గుడ్డలోంచి చురుక్కున చేతికెక్కుతుంది, పట్టుకున్నవాళ్లు తెలియకుండానే వదిలేస్తారు. కేంద్రానికి నాలుగు మసిగుడ్డలు ఉంచండి, అందులో రెండు ఎప్పుడూ పొడిగా ఉండాలి. గడప దగ్గర వేసే గోనెపట్టా కూడా తీసేయండి. అది జారుతుంది, కాలికి చుట్టుకుంటుంది. గుండిగ మోస్తున్నవాళ్లకు కాలి కింద ఏముందో కనబడదు.

అన్నిటికంటే ముందు గంజి

పప్పు గిన్నెంటే అందరికీ భయమే, దానికి మూతైనా పెడతారు. గంజికి ఆ భయం లేదు. 25 మంది పిల్లలకు రెండు కిలోల బియ్యం వండి వారిస్తే నాలుగైదు లీటర్ల గంజి వస్తుంది. దాన్ని బేసినులోకి వార్చి, గోడవారగా నేల మీద పెట్టి, అన్నం సంగతి చూసుకోవడానికి వెళ్తారు. మూత ఉండదు. పైన మీగడలా పొర కట్టడంతో ఆవిరి కూడా పెద్దగా కనబడదు. చూడ్డానికి తెల్లగా పాలలా ఉంటుంది. పిల్లవాడు చెయ్యి పెడతాడు, వంగుతాడు, లేదా వెనక్కి నడుస్తూ అందులో కూర్చుంటాడు. నీళ్లయితే ఒంటి మీంచి జారిపోతాయి. గంజి జారదు. అంటుకుని, వేడి వదలకుండా చర్మాన్ని కాలుస్తూనే ఉంటుంది. పప్పూ సాంబారూ అంతే.

60 డిగ్రీల వేడినీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే ఐదు సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి. పిల్లల చర్మం పల్చన, వాళ్లకు ఆ ఐదు సెకన్లు కూడా అక్కర్లేదు. పొయ్యి మీంచి అప్పుడే దించిన గంజి 60 కంటే చాలా ఎక్కువ వేడిగా ఉంటుంది.

అందుకే గంజి వార్చే పనే పెట్టుకోకండి. అత్తెసరు పెట్టండి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, పాత బియ్యమైతే రెండున్నర. అన్నంలో సత్తువా నిలుస్తుంది, గంజి బేసినూ ఉండదు. కొలత కుదరదు, వార్చక తప్పదు అనుకుంటే ముందే తూము దగ్గర చన్నీళ్ల బకెట్ పెట్టుకుని, వార్చిన గంజిని వెంటనే చన్నీళ్లతో కలిపి పారబోయండి. గేదెకనో పక్కింటికనో దాచిపెట్టకండి. నేల మీద అసలే పెట్టకండి. గుడ్లు ఉడికిన నీళ్లకూ ఇదే మాట.

వడ్డన

పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. గోడకు వీపు ఆనించి, ఒకే వరసలో. ప్లేటు పట్టుకుని గిన్నె దగ్గరికి వచ్చే పద్ధతి ఐదేళ్ల లోపు పిల్లలకు పనికిరాదు. వెనకవాడు తోస్తే ముందున్నవాడు గిన్నెలోకే పోతాడు. వరస కట్టించడం క్రమశిక్షణ అనుకునే ప్లేస్కూళ్లు ఈ ఒక్కచోట ఆ పట్టుదల వదిలేయాలి.

పెద్ద గుండిగ గట్టు మీదే ఉండాలి. అక్కణ్నించి చిన్న వడ్డించే బకెట్‌లోకి, రెండు లీటర్లకు మించకుండా, సగం వరకే తోడుకోండి. అడుగు వరకు గరిటెతో కలిపి మరీ తోడండి. పైన చల్లారినట్టున్నా అడుగున పప్పు సలసల కాగుతూనే ఉంటుంది. తోడాక మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకోండి. చురుక్కుమంటే ఇంకా ఆగాలి. ప్లేట్లలో అన్నం ముందే పరిచి పెడితే అదీ చల్లారుతుంది. వడ్డించేవాళ్లు పిల్లల ఎదురుగా నడవాలి. తలల మీదుగా బకెట్ దాటించకూడదు. ఒక పిల్లకు వడ్డించి, రెండో ప్లేటు అందుకోవడానికి బకెట్ కింద పెట్టారా, అదీ నేల మీద దించినట్టే.

ఆయా వడ్డిస్తుంటే టీచర్ పని ఒక్కటే, పిల్లల్ని చూడడం. పోషణ్ ట్రాకర్ యాప్‌లో హాజరు, భోజనం నమోదు అన్నీ పిల్లలు తిని లేచాకే. సూపర్‌వైజర్లకు కూడా మనవి: భోజనాల వేళ ఫోన్ చేయకండి, ఫొటో పంపమని అడగకండి. మీరు అడిగితే వాళ్లు కాదనలేరు. ఆ అర నిమిషం ఆ గదిలో పిల్లలకు కాపలా ఉండదు.

ఆయా సెలవు పెట్టిన రోజు ఊళ్లోంచి ఒక తల్లిని పిలిపించుకోండి. ఎవరూ దొరక్కపోతే పిల్లలు రాకముందే వంట ముగించేయండి. ఒక్క మనిషి ఒకేసారి వండుతూ, వడ్డిస్తూ, పాతిక మందిని చూసుకోవడం ఎవరివల్లా కాదు.

ఒళ్లు కాలితే

మొదటి ఇరవై నిమిషాల్లో మీరు చేసేదే ఆసుపత్రిలో జరగబోయేదాన్ని సగం తేల్చేస్తుంది. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఒకరు పిల్లవాణ్ని కుళాయి కిందికి తీసుకెళ్లాలి. బట్టలు విప్పండి, డైపర్ ఉంటే వెంటనే తీయండి. అది వేడి నీళ్లను పట్టి ఉంచుతుంది. మొలతాడు కత్తిరించండి. పట్టీలు, గాజులు, ఉంగరం తీసేయండి, తర్వాత వాపొస్తే ఇరుక్కుపోతాయి. బట్ట చర్మానికి అతుక్కుంటే లాగకండి, చుట్టూ కత్తిరించి వదిలేయండి.

కాలినచోట మామూలు కుళాయి నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయాలి. గడియారం చూసి పోయండి. ఏడుపు ఆగిందని రెండు నిమిషాలకే ఆపేస్తారు, అది చాలదు. కుళాయి లేకపోతే చెంబుతో పోస్తూనే ఉండండి. ఐస్ వద్దు. కాలని భాగాన్ని పొడి దుప్పటితో కప్పండి, ముఖ్యంగా వాన రోజుల్లో. చిన్నపిల్లలు త్వరగా చల్లబడిపోతారు.

పేస్టు, పసుపు, సిరా, నెయ్యి, కోడిగుడ్డు సొన, కాఫీపొడి, ఇవేవీ రాయకండి. వేడి లోపలే ఉండిపోతుంది, చీము పడుతుంది, డాక్టరు వాటిని గీకి తీయాల్సి వస్తుంది. బొబ్బలు చిదమకండి. నీళ్లు పోయడం అయ్యాక ఉతికిన నూలు గుడ్డ వదులుగా కప్పండి.

పిల్లవాడి అరచెయ్యి, వేళ్లతో కలిపి, వాడి ఒంట్లో నూటికి ఒక వంతు. అలాంటి పది చేతులంత మేర కాలితే ప్రాణాపాయం అనుకునే కదలండి. మొహం, చేతులు, పాదాలు, మర్మాంగాలు కాలితే ఎంత చిన్నదైనా ఆసుపత్రికే. ఒళ్లు ఎక్కువగా కాలితే నోటికేమీ పెట్టకండి. నీళ్లు పోయడం ఆలస్యమైనా వదిలేయకండి, మూడు గంటల లోపు పోసినా మేలే.

ఇంకా

- పొయ్యి చుట్టూ మీటరు దూరంలో ఎర్ర రంగుతో గీత గీయండి. గీత మాత్రమే చాలదు, వంటగది గుమ్మానికి రెండున్నర అడుగుల చెక్క పలక అడ్డం పెట్టండి.

- పూరి కప్పు, టార్పాలిన్ కింద పొయ్యి వద్దు. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంట దగ్గర పుట్టిన నిప్పు బడి పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. పిల్లలున్నంతసేపు ఏ తలుపుకూ బయట తాళం వేయకండి.

- పురుగుమందు డబ్బాలు కేంద్రం ఆవరణలోకే రాకూడదు. ఖాళీవైనా, కడిగినవైనా, నీళ్లకైనా. 2013లో, అదీ జులై 16నే, బీహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె వాసన తేడాగా ఉంటే వంట ఆపేయండి. పిల్లలు చేదుగా ఉందంటే ప్లేట్లు తీసేయండి. పెద్దవాళ్లు ముందు తిని చూడాలి, పిల్లలు తర్వాత.

- గ్యాస్ సిలిండర్ మెడ దగ్గర సి-26 లాంటి గుర్తు చూడండి. సి అంటే జులై నుంచి సెప్టెంబరు, 26 అంటే 2026. అది దాటిన సిలిండర్ తీసుకోకండి. ట్యూబు మీద ముద్రించిన గడువు చూసి మార్చండి. ఎలుక కొరికినా మార్చండి. వాసనొస్తే స్విచ్చి ముట్టకండి, పిల్లల్ని బయటికి పంపి 1906కి ఫోన్ చేయండి.

- బకెట్లలో నీళ్లు నిలవ ఉంచకండి. రెండంగుళాల నీళ్లలో కూడా తలకిందులుగా పడ్డ పసివాడు లేవలేడు, అరవలేడు. వాడగానే బోర్లించండి.

- సంపు మూతకు తాళం. రాయి పెట్టడం తాళం వేయడం కాదు.

- హీటర్ రాడ్డు క్రెష్‌లో వద్దు. అసలు వద్దు.

- స్నానానికి బకెట్‌లో మొదట చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపండి. తిరగేసి చేయకండి.

- పాల సీసా మైక్రోవేవ్‌లో పెట్టకండి. పైన గోరువెచ్చగా, లోపల మరుగుతూ ఉంటుంది.

- టీ కప్పు చేతిలో పట్టుకుని పిల్లల్ని ఎత్తుకోకండి. పిల్లల గదిలో టీ తాగనే వద్దు.

- ఇండక్షన్ పొయ్యి, కెటిల్ వైర్లు వేలాడకూడదు. పిల్లలు లాగుతారు.

- గోడ చెమ్మ పడితే ఆ గోడ స్విచ్చులు వాడకండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి.

- పొద్దున చాపలు పరిచేముందు కర్రతో ఎత్తి దులపండి. కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియదు. పాము కాటుకు కట్టు కట్టకండి, కోయకండి, మంత్రాలకు తీసుకెళ్లకండి. 108.

- ఉడికిన గుడ్డు నాలుగు ముక్కలు చేసి పెట్టండి. మొత్తం గుడ్డు చేతికివ్వకండి.

- నులిపురుగుల మాత్ర ఏడాది నిండి రెండేళ్లలోపు వాళ్లకు సగమే, నూరి నీళ్లలో కలిపి. మూడేళ్లలోపు వాళ్లకూ నూరే ఇవ్వండి. ఏడ్చే పిల్ల నోట్లో మాత్ర వేయకండి.

- విరేచనాలైతే లీటరు నీళ్లకు లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం. సగం ప్యాకెట్ సగం నీళ్లని కలపకండి.

- వ్యాన్ ఉన్న ప్లేస్కూళ్లు: పిల్లలు దిగాక డ్రైవరు చివరి సీటు దాకా నడిచి చూడాలి. ముందు నుంచి తొంగి చూస్తే సరిపోదు.

- వేడి గిన్నె నేల మీద దించకండి.

- గట్టు లేదు, నిధులు రాలేదు అని ఆగకండి. ఎనిమిదంగుళాల సిమెంటు ఇటుకలు నాలుగు వరసలు, అలాంటి స్తంభాలు రెండు, గోడకు ఆనించి సిమెంటుతో కట్టించండి. పైన నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కడప బండో షాబాద్ బండో వేయించండి. ఊళ్లో మేస్త్రీకి ఒక పూట పని. బండ గోడ వైపు కాస్త వాలుగా ఉండాలి, ముందుకు వాలకూడదు. ఐదేళ్ల పిల్లవాడు ఆ ఎత్తు అందుకుంటాడు కాబట్టి గిన్నె అంచున కాకుండా గోడకు ఆనించి పెట్టండి, గరిటె కాడ కూడా గోడ వైపే. సిమెంటు ఆరడానికి వారం పడుతుంది. ఆ వారం వంట ఆయా ఇంట్లో చేయించి, చల్లారాకే కేంద్రానికి తెప్పించండి.