మెటార్ చదవడం – 3వ పాఠం: విజిబిలిటీ, పొగమంచు

మెటార్ అంటే విమానాశ్రయాల వాతావరణ రిపోర్టు. కిందటి పాఠంలో అందులోని గాలి అంకెల దగ్గర ఆగాం. ఈసారి వాటి వెంటనే వచ్చేవి: విజిబిలిటీ, అంటే కనిపించే దూరం, ఇంకా పొగమంచు. సాధన కోసం శంషాబాద్ పేరున అల్లిన శీతాకాలపు రిపోర్టు:

వీఓహెచ్ఎస్ 120030జెడ్ 09004కేటీ 2000 1200ఎస్ బీఆర్ ఎన్ఎస్‌సీ 19/18 క్యూ1015 బీఈసీఎంజీ 0600 ఎఫ్‌జీ

వీఓహెచ్ఎస్ శంషాబాద్ కోడ్. ఎన్ఎస్‌సీ అంటే చెప్పుకోదగ్గ మేఘాల్లేవని, క్యూ1015 గాలి ఒత్తిడి. 120030లో 12 తేదీ, 0030 సమయం. జెడ్ అంటే యూటీసీ, ప్రపంచ ప్రామాణిక సమయం. ఐదున్నర గంటలు కలిపితే 12వ తేదీ పొద్దున్న ఆరు.

2000 మీటర్లలో. చుట్టూ కనీసం సగం మేర అంత దూరం కనిపిస్తోందని అర్థం. మిగతా సగానికి ఈ అంకె హామీ ఇవ్వదు. అందుకే పక్కన 1200ఎస్: దక్షిణాన 1200 మీటర్లే. కనిష్ఠం 1500 కన్నా తక్కువైనా, మొదటి అంకెలో సగం కన్నా తక్కువై 5000 లోపు ఉన్నా ఈ రెండో అంకె రాస్తారు. కొత్తవాళ్లు దీన్ని దాటేసి 2000 ఒక్కటే చదువుతారు. 9999 అంటే 10 కిలోమీటర్లు, ఆపైన.

బీఆర్ (పలచని మంచు), ఎఫ్‌జీ (పొగమంచు) రెండూ నీటి తుంపరలే. విజిబిలిటీ 1000 లోపైతే ఎఫ్‌జీ, 1000 నుంచి 5000 దాకా బీఆర్. పొడి దుమ్ము కమ్మితే హెచ్‌జెడ్. సరిచూసుకోవాలంటే 19/18 చూడండి: ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత). బీఆర్‌లో తేడా ఒకటి రెండు డిగ్రీలే. హెచ్‌జెడ్‌లో బాగా ఎక్కువ. అయితే ఇవి దగ్గరి పూర్ణాంకానికి సవరించినవి. 19/18లో అసలు తేడా 0.1 కావచ్చు, 1.9 కావచ్చు. ఒక డిగ్రీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

3000 ఎంఐఎఫ్‌జీ కనిపిస్తే తప్పు అనుకోకండి. నేలను అంటిపెట్టుకున్న పలచని పొర అది, రెండు మీటర్ల ఎత్తు దాటదు. పైనుంచి రన్‌వే చక్కగా కనిపిస్తుంది, తీరా చక్రాలు ఆనబోయే వేళ మాయమవుతుంది. బీసీఎఫ్‌జీ అంటే అక్కడక్కడా పొగమంచు.

చివరి ముక్కే పెద్ద ఉచ్చు. బీఈసీఎంజీ (క్రమంగా మారబోతోందని సూచన) తర్వాత 0600 సమయం కాదు, విజిబిలిటీ: రాబోయే రెండు గంటల్లో 600 మీటర్లకు పడిపోతుందని సూచన. సమయమైతే ముందు ఎఫ్ఎం (నుంచి), టీఎల్ (దాకా), ఏటీ (ఆ సమయానికి)లలో ఒకటి ఉంటుంది. సూర్యోదయం తర్వాత మంచు కాసేపు ఇంకా చిక్కబడటం మామూలే, కాబట్టి ఈ సూచనను తేలిగ్గా తీసుకోకండి.

అభ్యాసం: 112330జెడ్ 00000కేటీ 1500 0700ఎన్ఈ బీసీఎఫ్‌జీ 17/17. మన తేదీ, సమయం ఎంత? ఏ దిక్కున ఎంత కనిపిస్తోంది? జవాబులు, ఆర్‌వీఆర్ (రన్‌వే మీద కనిపించే దూరం) 4వ పాఠంలో.