ట్రౌట్ గాలం: లూర్ దూరం పోకపోతే, లైన్ మెలిపడితే

హిమాచల్‌లోని తీర్థన్ నదిలో బ్రౌన్ ట్రౌట్ కోసం స్పిన్నింగ్ గాలం వేసేవాళ్లకు వచ్చే ఇబ్బందులు చాలావరకు విసరడం రాక కాదు, రాడ్ (గాలం కర్ర), లైన్ (గాలం దారం), లూర్ (చేపను ఆకర్షించే కృత్రిమ ఎర) ఒకదానికొకటి కుదరక వచ్చేవే.

లూర్ దూరం పోవడం లేదు
రాడ్‌పై, పిడికి కాస్త పైన, ఎంత బరువు లూర్ వేయొచ్చో రాసి ఉంటుంది. 10-30 గ్రాముల రాడ్‌కు 3 గ్రాముల స్పిన్నర్ (నీటిలో గిరగిరా తిరిగే రెక్క ఉన్న లూర్) కడితే రాడ్ వంగదు. వంగని రాడ్ లూర్‌ను విసరలేదు. 2-7 గ్రాములు వేయగల ఆరడుగుల అల్ట్రాలైట్ రాడ్, 1000 సైజు (చిన్న) రీల్, 4 పౌండ్ల లాగుడు తట్టుకునే మోనో (ఒకే నైలాన్ పోగు) లైన్ తీసుకోండి. లైన్‌ను స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే భాగం) అంచుకు 2 మి.మీ. దిగువ వరకు నింపాలి. తక్కువైతే అంచుకు ఒరుసుకుని వేగం తగ్గుతుంది.

లైన్ మెలిపడి చిక్కుపడుతోంది
కొత్తవాళ్లను బాగా విసిగించేది ఇదే. స్పిన్నర్ రెక్కతో పాటు ఒళ్లంతా తిరిగితే ఆ మెలి లైన్‌లోకి ఎక్కుతుంది. లైన్ కాస్త వదులవగానే ఉంగరాలు చుట్టుకుంటుంది. లూర్‌కు అడుగున్నర పైన బేరింగ్ ఉన్న చిన్న స్వివెల్ (మెలి పైకి ఎక్కకుండా తిరిగే లంకె) కట్టండి. విసిరాక బెయిల్‌ను (లైన్‌ను పట్టి స్పూల్‌కు చుట్టే రీల్ తీగను) చేత్తోనే మూయండి. చేప లైన్ లాక్కుపోతుంటే రీల్ తిప్పకండి, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైన్ వదిలే రీల్ బ్రేకు) జారుతుండగా తిప్పితే ఇంకా మెలిపడుతుంది. ఇప్పటికే మెలిపడి ఉంటే లూర్ విప్పేసి, ఉత్త లైన్‌ను ప్రవాహంలోకి వదలండి. కొన్ని నిమిషాల్లో మెలి దానంతటదే విడిపోతుంది. తర్వాత రెండు వేళ్ల మధ్య బిగించి పట్టుకుని చుట్టుకోండి.

చేప వెంట వస్తోంది, నోట పట్టడం లేదు
లూర్ పెద్దదై ఉంటుంది, లేదా మరీ మెరుస్తుంటుంది. తేట నీటిలో 0 లేదా 1 సైజు, రాగి రంగు స్పిన్నర్ వేయండి. నీళ్లు కలకబారితే వెండి రంగు. ఎగువకు విసిరి, ప్రవాహం కంటే కాస్త వేగంగా చుట్టండి. రెక్క తిరుగుతుంటే రాడ్ కొస సన్నగా అదురుతుంది. అదురు లేకపోతే ఒక్కసారి చిన్నగా లాగండి.

తగిలిన చేప పోతోంది
ముడి దగ్గర తెగితే, తడపకుండా బిగించారన్నమాట. మధ్యలో తెగితే రాళ్లకు ఒరుసుకున్న చివరి మీటరు కోసేయండి. కొక్కెం ఊడివస్తుంటే డ్రాగ్ వదులు చేయండి, అరకిలో లాగుడుకు జారాలి.

లైసెన్స్ తప్పనిసరి. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం. వదిలేసే చేప బతకాలంటే మూడు కొనల కొక్కెం తీసి ఒంటి కొక్కెం పెట్టండి, దాని మొన వెనకున్న ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి.